వెనక సీటు లేని జెన్

"ఇదేం కొలత?" అన్నాడు ఉపేందర్.

జ్యోతినగర్‌లో ఒక ఇంజనీరు క్వార్టర్ ముందు వెండిరంగు మారుతి జెన్ నిలబడి ఉంది. డిక్కీ తలుపు పైకి లేచి ఉంది. ఒకమ్మాయి నడుం దాకా లోపలికి దూరి చున్నీతో అడ్డం కొలుస్తోంది.

"కుక్క కొలత," అంది లోపల్నుంచే. "పండుకుంటే రెండు వడ్తయి. అంతకెక్కువ పట్టయి."

"ఇది కుక్కల బండి కాదు."

ఆమె బయటికి వచ్చింది. ముక్కు మీద దుమ్ము. "మరి దేని బండి, అన్నా?"

ఆ 'అన్నా' అతనికి నచ్చలేదు. "రేసు బండి. ట్రాక్ మీద కొట్టడానికి తీసుకుంటున్న."

"దీంతోనా? సారు కూరగాయలకు పోయే బండిది."

"నీకేం ఎరుక? మారుతి ఎనిమిదొందలు మలుపుల నిలవదు. శాంత్రో పొడుగు, ఊగుతది. ఓమ్నీ అయితే సీదా బోర్లవడ్తది. ఇదొక్కటే నేలకు అంటుకోని పోతది. వెనక సీటు పీకేస్తే బరువు ఇంకా తగ్గుతది."

ఆమె కళ్లు పెద్దవయ్యాయి. "సీటు పీకేస్తవా?"

"పీకేస్త."

"అట్లయితే కుక్కలు ఐదారు వడ్తయి!"

ఇంజనీరు బదిలీ అయి కారును అమ్మకానికి పెట్టాడు. సామాను లారీ గేటు దగ్గర నిలబడి ఉంది. "ఇద్దరూ కలిసి తీసుకోండి, లేదా ఇద్దరూ వెళ్లిపోండి," అన్నాడు విసుగ్గా. ఆయన విసుక్కున్నాడు. వీళ్లు నిజమనుకున్నారు. లోకంలో చాలా పొత్తులు ఇంతకంటే తక్కువ ఆలోచనతోనే కుదురుతాయి.

ఆమె పేరు జమున. గోదావరిఖనిలో మందుల షాపులో పని. గనిలో చేసి రిటైరైన తండ్రి ముత్యంతో సెంటినరీ కాలనీలో ఉంటుంది. ఆమె అవ్వా అని పిలిచే తల్లి చనిపోయింది. బొగ్గు లారీలు తొక్కిన కుక్కల్ని పెద్దపల్లి పశువుల దవాఖానకు తీసుకుపోవడం ఆమెకున్న పిచ్చి. ఏ ఆటోవాడూ కుక్కను ఎక్కించుకోడు. అందుకే కారు.

ఉపేందర్ డ్రైవర్‌నని చెప్పాడు. ఏ బండి, ఎక్కడ అని ఆమె అడగలేదు. ఆ ప్రాంతంలో డ్రైవర్లకు కరువా?

వారమంతా కారు ఆమెది, ఆదివారం అతనిది. ఆమెకు నడపడం నేర్పే పని కూడా అతనిదే. సీటు పీకడం దగ్గర తప్ప మరెక్కడా ఇద్దరికీ పొసగలేదు.

"స్ప్రింగులు గట్టివి ఎయ్యాలె," అన్నాడు అతను.

"గట్టివేస్తే కాలిరిగిన కుక్కకు గుంత గుంతకు పాణం పోతది."

"మెత్తగుంటే మలుపుల నేను ఓడిపోత."

"ఓడిపో. కుక్కన్న బతుకుతది."

చివరికి ముందువి గట్టివి వేశారు, వెనకవి మెత్తవి ఉంచారు. మెకానిక్ తల పట్టుకున్నాడు. సీటు పీకిన చోట గనిలో అరిగి పారేసిన కన్వేయర్ బెల్టు ముక్క పరిచింది జమున. కుక్కల గోళ్లకు జారదు, కడిగితే వాసన పోతుంది.

"ఇది సీటు కన్న బరువున్నది!"

"రేసు నాడు తీసి పక్కకు పెట్టుకో. ఏడ్వకు."

ఆమె స్టీరింగ్ పట్టుకున్న రోజుల్లో అతని గురించి ఒక సంగతి కనిపెట్టింది.

"రోడ్డు మీద పిట్ట లేదు. ఎవలికి కొడ్తున్నవ్ ఆ హారన్?"

"అలవాటు."

"ముందుకు కదిల్తే రెండు. వెనక్కి పోతె మూడు. గుళ్లె గంట కొట్టినట్టు! పెండ్లిచూపులకు పోయినా మూడు కొట్టి గాని వెనక్కి తిరగవా?"

"పెండ్లిచూపులకు నేనెందుకు వెనక్కి తిరుగుత?"

"పిల్ల నీ మొఖం చూస్తే తిరగాల్సొస్తది."

అతను నవ్వాడు. భూమిని పైనుంచే తవ్వే ఓపెన్ కాస్ట్ గనుల్లో పెద్ద బండ్లకు అది నియమం. డ్రైవర్లకు రెండేళ్లలో చేతికి పట్టేస్తుంది, ఇక వదలదు. భూమి లోపల పనిచేసిన తండ్రి కూతురికి పైన నడిచే బండ్ల సంగతి తెలియదు.

ఆగస్టు చివర కరీంనగర్ అవతల బీడు భూమిలో పోటీ పెట్టారు. సున్నంతో గీతలు గీసి, రబ్బరు గుర్తులు నిలబెట్టి, ఒక్కో కారును ఒంటరిగా వదిలారు. ఎవరు తక్కువ సమయంలో చుట్టి వస్తే వాళ్లు గెలిచినట్టు. హైదరాబాద్ పిల్లలు మెరిసే కార్లతో వచ్చారు. ఉపేందర్ బెల్టు ముక్క తీసి గడ్డిలో పెట్టి లోపల కూర్చున్నాడు. మొదటి మలుపు తిరగగానే మూలమూలల్లో దాక్కున్న కుక్క వెంట్రుకలన్నీ గాలిలోకి లేచాయి. హెల్మెట్ లోపల తుమ్ముతూనే చుట్టు పూర్తి చేశాడు. మూడో స్థానం వచ్చింది.

"తుమ్మకపోతే గెలుస్తుంటి," అన్నాడు దిగి.

"తుమ్మినందుకే వచ్చింది. తుమ్మినప్పుడల్లా కారు ఎగిరి పోయింది, నేను చూసిన," అంది జమున. అంతగా ఆమె నవ్వడం అతను మునుపు చూడలేదు.

తిరిగి వస్తుంటే వాన పట్టుకుంది. ఒక వైపరు పనిచేయలేదు, అదీ ఆమె వైపుది. అద్దం మీద నీళ్లే తప్ప రోడ్డు కనిపించక ఆమె అతని వైపే చూస్తూ కూర్చుంది. సుల్తానాబాద్ దాటాక మెల్లగా పిలిచింది.

"ఉపేందర్."

అన్నా లేదు. అతని చెవులు వేడెక్కాయి.

"ఒక పని జెయ్యాలె. మా ఊళ్లె ఇంకా కుక్కలున్నయి. గని కోసం ఊరు ఖాళీ జేసిన్నాడు మనుషులు మంచాలు తీస్కపోయిన్రు, తలుపులు పీక్కపోయిన్రు. కుక్కల్ని ఇడిసిపెట్టిన్రు. మా అవ్వ సాదిన గౌరి గూడ ఆడనే ఉన్నది. రెండు సార్లు కాలనీకి తోల్కొచ్చిన. రెండు సార్లూ తెల్లారేసరికి ఊరికే పోయింది."

"ఏ ఊరు?"

"బూరుగుపల్లె."

అతను గేరు తగ్గించి అద్దం వైపు వంగాడు. రోడ్డు మీద గుంతలున్నాయి, అందుకేననుకుంది ఆమె.

బూరుగుపల్లె మీద మట్టి పోస్తున్నది ఉపేందరే. గని తవ్వేటప్పుడు బొగ్గు మీదనుంచి తీసిన మట్టిని డంపర్లు తెచ్చి ఊరి మీద గుట్టగా పోస్తున్నాయి. అందులో ఒక డంపర్ అతనిది. ఆ వానలోనే చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. ప్రేమలో దాచడం తప్పు కాదనేవాళ్లు ఉన్నారు. వాళ్లెవరూ దాచినదాన్ని ఇంటికి తెచ్చుకుని దానితో కాపురం చేసి ఉండరు.

సెప్టెంబరులో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. గనులు ఆగాయి. డంపర్లు ఎక్కడివక్కడ నిలబడ్డాయి. జమున మర్నాడే ఫోన్ చేసింది.

"మట్టి పోసేటోళ్లు ఆగిన్రు. సమ్మె అయిపోతే మిగిలిన సగం ఊరు గూడ మునుగుతది. జల్ది పోదాం."

అతను రానని అనలేకపోయాడు. వస్తానని కూడా మనసారా అనలేదు. వెళ్లాడు.

ఊరికి కప్పులు లేవు. మొండిగోడలు, వాటి వెనక తాటిచెట్టు కంటే ఎత్తుగా మట్టిగుట్ట. గుట్ట అంచు బడి గోడను తాకి ఆగింది. జమున అన్నం గిన్నె తీసి పేరు పేరునా పిలిచింది. ఎముకలు తేలిన కుక్కలు గోడల చాటునుంచి వచ్చాయి. నాలుగింటిని ఎత్తి బెల్టు మీద కూర్చోబెట్టింది. పాలిండ్లు వేలాడుతున్న ఎర్ర కుక్క గౌరి. అది మాత్రం బడి గోడ దగ్గర నిలబడి ఆమెను చూస్తోంది.

"కారు కొంచెం ఎనకకు తియ్యి. డిక్కీ గోడ దగ్గరికి రావాలె," అంది జమున.

ఉపేందర్ గేరు వేశాడు. చెయ్యి దాని పని అది చేసేసింది. మూడు హారన్లు.

లోపలున్న నాలుగు కుక్కలూ జమునను తోసుకుంటూ బయటికి దూకాయి. గౌరి, మిగిలినవి, అన్నీ ఒకే దిక్కుకు, గుట్టకు ఎడంగా పరుగెత్తాయి. దూరంగా పొలం గట్టు కింద పొట్టలు నేలకు ఆనించి పడుకున్నాయి. రాళ్లతో దొర్లి వచ్చే మట్టి కోసం ఎదురుచూస్తున్నట్టు వణుకుతున్నాయి.

కింద పడ్డ జమున లేచింది. మోచెయ్యి గీరుకుపోయింది. ముందు గుట్టను చూసింది, తర్వాత అతన్ని.

"మూడు కొడితే ఉరకాలని వాటికి ఎవలు నేర్పిన్రు?"

అతను ఇంజను ఆపాడు.

"నువ్వు ఏ బండి డ్రైవర్‌వి?"

"డంపర్."

"ఏడ?"

అతను గుట్ట వైపు గడ్డం ఎత్తి చూపించాడు.

"మా అవ్వను బొందవెట్టిన జాగ ఏడున్నదో ఎరుకేనా నీకు?"

"ఊరి బొందలగడ్డ ఎరుకే. ఎండకాలంల దాని మీద మట్టి పోసినం."

"ఎవలెవలు?"

"అందరం. నేను గూడ."

"ఊరి పేరు చెప్పిన్నాడు ఎందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వు మళ్ల నా పక్కన కారెక్కవు."

"ఎక్కకపోతుంటినేమో. అది నా ఇష్టం గద? నా ఇష్టాన్ని గూడ నువ్వే పూడ్చిపెడ్తివి."

ఆమె అతన్ని దింపి తనే స్టీరింగ్ పట్టుకుంది. అతను నేర్పిన డ్రైవింగే. ఇంజను ఒక్కసారి కూడా ఆగకుండా పోయింది. ఉపేందర్ మెయిన్ రోడ్డు దాకా ఎండలో నడిచాడు. అతని మీద జాలి పడాల్సిన పనేమీ లేదు.

సమ్మె సాగింది. జమున ఫోన్ ఎత్తలేదు. ఆదివారాలు వచ్చాయి, కారు రాలేదు. హైదరాబాద్‌లో ఇంకో పోటీ ఉందని కబురొస్తే ఉపేందర్ పేరు ఇవ్వలేదు.

ఒక మధ్యాహ్నం గోదావరిఖని చౌరస్తాలో సమ్మె టెంటు పక్కన ముత్యం అతన్ని వెతుక్కుంటూ వచ్చాడు. నాలుగడుగులకు ఒకసారి ఆగి దగ్గుతున్నాడు.

"నువ్వేనా పిలగా, డంపరోనివి?"

"నేనే, కాకా. కూసో."

"కూసునెతందుకు రాలే. నువ్వు మంచోనివి అనెతందుకు గూడ రాలే." ఊపిరి తీసుకున్నాడు. "ముప్పయేండ్లు ఎవల ఊరి కిందనో తవ్విన. మీద బాయిలెండిపోయినయి. ఆ ఊరోళ్లెవలూ నా ఇంటి గల్మల నిలవడి అడగలే. మా ఊరు గనికి ఇస్తమని వేలుముద్ర వెట్టింది నేను. మట్టి వోసింది నువ్వు. బిడ్డ నాతోని గూడ మాట్లాడ్తలేదు."

"నేనేం జెయ్యాలె, కాకా?"

"రోజూ పోయి ఆడ కూసుంటాంది. కారు చూస్తేనే కుక్కలు ఆమడ దూరం ఉరుకుతున్నయి. గౌరి పిల్లలు బడి గోడ కింద తవ్విన బొర్రెల ఉన్నయట. సమ్మె ఇయ్యాల రేపు బందయితదంటున్నరు. నువ్వే ఉరికిచ్చినవ్. నువ్వే తోల్కరా."

అంతే చెప్పి వెనక్కి తిరిగాడు. ఆ ముసలాయన నోటి నుంచి రాగల ఆశీర్వాదం అదే.

ఉపేందర్ వెళ్లేసరికి జమున డిక్కీ అంచు మీద కాళ్లు వేలాడేసి కూర్చుని ఉంది. గిన్నెలో అన్నం ఎండి అట్ట కట్టింది. అతన్ని చూసి మొహం తిప్పుకుంది.

"పిలవకు," అన్నాడు అతను. "వాటి దిక్కు చూడకు. ఇంజను సల్లబడాలె. మనం కదలద్దు."

"నీకెట్ల ఎరుక?"

"రోజూ పైనుంచి చూస్త గద. మేం అన్నం తినేటప్పుడు బండ్లు ఆగుతయి. అప్పుడే దగ్గరికొస్తయి. నా డబ్బల నుంచి సగం గౌరికే వేసేటోన్ని."

ఆమె గిన్నెను పక్కకు జరిపింది. అతను ఆమెకు దూరంగా, డిక్కీ ఆ చివర కూర్చున్నాడు. మధ్యలో ఇంకో మనిషి పట్టేంత జాగా.

ఆ రోజు ఏ కుక్కా రాలేదు. తర్వాతి రోజు రెండు వచ్చి అన్నం తిని పోయాయి. మూడో రోజు ఒకటి బెల్టు మీదికి ఎక్కి వాసన చూసి పడుకుంది. దాన్ని చూసి ఇంకొన్ని వచ్చాయి. ఎక్కినవాటిని ఏ పూటకాపూట కాలనీకి చేర్చింది జమున. వాళ్లిద్దరూ ఒక్కో కుక్కకు ఒక్కో మాట చొప్పున మాట్లాడుకున్నారు.

"గా మచ్చదాని పేరేంది?"

"సర్పంచు."

"ఎందుకు?"

"అందరి కన్న ముందు ఊరిడిసి పోయింది. మళ్ల అదే వచ్చింది."

నవ్వొచ్చింది ఇద్దరికీ. నవ్వినందుకు ఆమెకు తన మీద తనకే కోపం వచ్చింది.

సమ్మె విరమించారని తెలిసిన సాయంత్రం గౌరి తనంతట తానే వచ్చింది. నోట్లో ఒక పిల్ల. దాన్ని బెల్టు మీద పెట్టి వెళ్లి ఇంకోదాన్ని తెచ్చింది. మళ్లీ వెళ్లి చాలాసేపు రాలేదు. జమున గోడ కింద చెయ్యి పెట్టి తడిమింది. మిగిలినవి చల్లగా ఉన్నాయి. ఆమె వాటిని బయటికి తీయలేదు. గౌరిని ఎత్తుకుని వచ్చి లోపల కూర్చోబెట్టింది. దానికి జ్వరం.

"రేపు డ్యూటీకి పోతవా?" అంది అటు తిరిగే.

"పోత. నేను పోకపోతే ఇంకొకడు పోస్తడు."

"ఈ గోడ మీదనేనా?"

"ఈ గోడ మీదనే."

ఉపేందర్ అబద్ధం చెప్పలేదు. ఆమె కళ్లు తుడుచుకుంది. చీకటి పడేలా ఉంది. గౌరి రొప్పుతోంది.

"నేను నిన్ను మాఫ్ చెయ్య," అంది జమున.

"నేను అడగలే."

"పెండ్లయినంక గూడ చెయ్య."

అతను తల ఎత్తాడు. "ఎవల పెండ్లి?"

"గౌరి ఒళ్లు కాల్తాంది. పెద్దపల్లి దవాఖాన మూస్తరు," అంటూ ఆమె డిక్కీ తలుపు వేసి, ముందుకు వచ్చి అతని పక్క సీట్లో కూర్చుంది. "బండి తియ్యి."