కరకట్ట మీద సైకిల్ దారి

“నీ మేకలే, వెంకయ్యా. కట్ట మీద గడ్డంతా మేసి నా నారుమడిని ముంచింది నీ మేకలే. ఇంకోసారి కట్ట ఎక్కించు, చెప్తా.”

ఇందిరమ్మ మోకాలి లోతు బురదలో నిలబడి అరుస్తోంది. తెల్లవారుజామున కురిసిన వానకు స్వర్ణముఖి కరకట్ట వాలు ఒకచోట కోసుకుపోయింది. ఆ మట్టంతా జారి నారు మీద పడింది. ఇరవై రోజుల నారు. ఇంకో వారంలో నాటాల్సింది.

వెంకయ్య మెల్లిగా అన్నాడు. “మేక కొసలు తింటాదమ్మా. వేర్లతో పీకి పక్కన కుప్ప పెడతాదా?”

“నీ మేకలు చదువుకున్నాయేమో, ఎవురికి తెలుసు.”

చుట్టూ చేరినవాళ్ళు నవ్వారు. కట్ట పక్కన ఎండుతున్న ఆ గడ్డి కుప్ప వైపు ఒక్కరూ చూడలేదు. మేకలవాడి మీద నింద వేస్తే అడిగేదెవరు?

సైకిల్ మీద బడికి వెళ్తూ ఆగిన సుల్తానా మాత్రం నవ్వలేదు. ఆరో తరగతి పిల్ల. ఆ కుప్ప పెట్టింది తనే.

దసరా సెలవుల్లో అన్న యాసీన్ తన పాత గేర్ సైకిల్ ఆమెకు ఇచ్చాడు. రోజూ దాన్ని కట్ట మీంచి కిందికి దించేది. దాని ముందు చక్రం షాక్ అబ్జార్బరు రెండు వేళ్ళ మందమే దిగుతుంది. గడ్డి దుబ్బు తగిలితే చేతులు అదిరిపోయేవి. రెండుసార్లు పడింది.

“షాక్ చిన్నది. మిగతా పని నీ మోకాళ్ళు, మోచేతులు చెయ్యాల,” అన్నాడు యాసీన్. “పెడళ్ళ మీద లేచి నిలబడు. బ్రేకు కొంచెం కొంచెం పట్టు. నిదానంగా వస్తాదిలే.”

సుల్తానాకు అంత ఓపిక లేదు. అడ్డొచ్చిన దుబ్బులన్నీ పీకేసింది. దారి నున్నగా అయింది. స్నేహితులూ అక్కడే దిగారు. చక్రాల కింద గాడి పడింది. వానొచ్చాక ఆ గాడే కాలువైంది.

వెంకయ్య మేకల్ని వెనక్కి మళ్ళించాడు. చుట్టూ వరి మళ్ళే. కట్ట కాకపోతే వాటికి మేత లేదు.

“ఆగు తాతా,” అంది సుల్తానా. ఇందిరమ్మ వైపు తిరిగింది. “అవ్వా, గడ్డి పీకింది నేను. సైకిలుకు అడ్డమని.”

ఇందిరమ్మ వంగింది. బురదలోంచి నలిగిన నారు పిడికెడు తీసి చూపించింది. “ఇది మళ్ళా లేస్తాదా?”

“లేవదు.”

“మరి?”

సుల్తానా కట్ట మీద కోసుకుపోయిన గాడి వైపు చూసింది. ఇందిరమ్మ వెంకయ్య ముఖంలోకి చూడలేక అటు తిరిగింది.

“ఒసే సుల్తానా, కట్ట కోసుకుపోయి మన సైకిల్ జంపు ఇంకా పెద్దదైంది,” కట్ట మీంచి పిలిచింది స్నేహితురాలు వెన్నెల. ఆమె వెనక ఇంకో నాలుగు సైకిళ్ళు.

సుల్తానా తన సైకిల్‌ని కట్ట మీదికి నెట్టుకెళ్ళి ఆ గాడికి అడ్డంగా పడేసింది.

“దిగబాకండి. మళ్ళా మబ్బు పడతా ఉంది. ఇంటికి పోయి గోతాలు, పారలు తీసుకురండి. ముందు మట్టి పొయ్యాల, ఆ పైన గడ్డి నాటాల. రేపు కాదు, ఇప్పుడే.”