తవ్వమన్నది నేనే

"రోకో! బకెట్ మత్ ఉతారో!"

లింబాద్రి పొక్లెయిన్ అద్దంలోంచి చూశాడు. గుంట అంచున ఒక అమ్మాయి చేతులు చాచి నిలబడి ఉంది. తలమీది హెల్మెట్ కళ్ల మీదికి జారుతోంది. ఆపమని, బకెట్ దించొద్దని హిందీలో అరుస్తోంది. ఇంజన్ మోతలో ఆమె మాట సగమే వినిపించింది.

"చెవుడేమో ఈ మనిషికి, దేవుడా!" అంది ఆమె తెలుగులో.

ఇంజన్ ఆపి తల బయట పెట్టాడు. "చెవులు మంచిగనే ఉన్నయ్ మేడమ్. ఎందుకు ఆపాలె?"

ఆమె ముఖం ఎర్రబడింది. "తెలుగోళ్లా? చెప్పొచ్చు కదండీ!"

"మీరు చెప్పనిస్తే కదా."

ఆమె పేరు నాగవేణి. ఊరు కడప దగ్గర. మస్కట్‌లో ఒక ఇన్సూరెన్స్ బ్రోకర్ ఆఫీసులో క్లెయిముల పని చూస్తుంది. లింబాద్రిది ఆర్మూరు వైపు. మస్కట్ శివారు రుసైల్‌లోని ఈ పెయింట్ ఫ్యాక్టరీలో పొక్లెయిన్ నడుపుతాడు.

ఫ్యాక్టరీ వెనక పాత యజమాని కాలంలో భూమిలో పాతిన ట్యాంకు ఒకటి కారుతోంది. అందులోని, రంగుల్లో కలిపే థిన్నర్ మట్టిలోకి ఇంకి పక్క తోట బావిలోకి చేరింది. తోట బిలాల్ అనే ముసలి ఒమానీ రైతుది. ఆ నీళ్లు తాగి అతని మేకలు చచ్చిపోయాయి. చెడిన మట్టినంతా తీసి శుభ్రం చేయాలని ప్రభుత్వం ఆర్డరిచ్చింది. అంత ఖర్చు ఇప్పటి యజమాని వల్ల కాదు. ఫ్యాక్టరీ మూసేస్తే లింబాద్రీ, అతని రూమ్‌లో ఉండే తోటి పనివాళ్లందరూ ఇంటిదారి పట్టాల్సిందే.

"మీ కంపెనీ ఇప్పటి పాలసీలో ఇట్లాంటి కాలుష్యానికి పైసా ఇయ్యమని షరతు ఉండాది," అంది నాగవేణి. "పాత యజమాని ముప్పై ఏళ్ల కిందట తీసుకున్న పాలసీలో అట్లాంటి షరతు లేదు. దాని కాపీ బ్యాంకులో దొరికింది."

"ముప్పై ఏండ్ల కిందిదా? అది ఎన్నడో చచ్చిపోయింటది కదా."

"కొత్తగా జరిగేదానికి చచ్చిపోయినట్లే. అది నడిచే కాలంలో జరిగిన నష్టానికి మాత్రం ఇప్పుడైనా జవాబు చెప్పాల. ట్యాంకు అప్పుడే కారిందని తేలాల, అంతే. ఆ పాలసీ ఇచ్చిన ఇన్సూరెన్స్ కంపెనీ సర్వేయర్ చూడకముందే మీరు తవ్వేస్తే, సాక్ష్యం చెడగొట్టినారంటారు."

"ఎన్నడొస్తరు వాళ్లు?"

"ఆదివారం."

లింబాద్రి కొండల వైపు చెయ్యి చూపించాడు. అక్కడ ఆకాశం నల్లగా కమ్ముకొస్తోంది. "వాన ఆదివారం దాక ఆగుతదా మేడమ్? ఈ గుంట నిండిందంటే నీళ్లు సీదా ఆ బావిలకే పోతయ్."

నాగవేణి తన ఆఫీసు మేనేజరుకు ఫోన్ చేసింది. ముట్టుకోవద్దన్నాడు. ఇంకోసారి చేసింది. అదే మాట. కంచె అవతల బిలాల్ మిగిలిన మేకలను దగ్గరికి తోలుకుని వీళ్ల వైపే చూస్తున్నాడు. మొదటి చినుకులు ఫోన్ అద్దం మీద పడ్డాయి.

ఆమె ఫోన్ జేబులో పెట్టేసింది.

"తవ్వండి. నేను చెప్పినట్లే తవ్వండి. ట్యాంకుకు గోరు కూడా తగలకూడదు."

"గోరు నాది కాదు, బకెట్‌ది. అయినా తగలనియ్య."

వానలో పని మొదలైంది. అతను పొర పొరగా మట్టి తీసి టార్పాలిన్ మీద పోశాడు. తోట వైపు కట్ట వేశాడు. ఆమె ప్రతి పొరకూ ఫోటో తీసింది, మట్టిని గాజు సీసాల్లోకి ఎత్తింది. చివరికి ట్యాంకు పక్క భాగం బయటపడింది. తుప్పు తిని జల్లెడలా ఉంది. ఆమె బురదలో మోకాళ్లూని వంగి దాన్ని ఫోటో తీస్తుంటే, తడిసిన జుట్టు చెంపకు అంటుకుంది. లింబాద్రి చూపు తిప్పుకోవడం మర్చిపోయాడు.

"ఏమండీ, పని నా ముఖం మీదుందా?"

"లేదు మేడమ్... వాన ఎక్కువైంది అని."

ఆ వానకు గుంట నిండింది కానీ కట్ట తెగలేదు.

తర్వాతి శుక్రవారాల్లో ఇద్దరూ మస్కట్‌లోని రువీ బజారులో చాయ్ తాగారు. అతని "గట్ల"ను ఆమె వెక్కిరించింది, ఆమె "ఉండాది"ని అతను. మీరు పోయి నువ్వు వచ్చింది.

ఇంతలో ఇన్సూరెన్స్ కంపెనీ అడ్డం తిరిగింది. చిల్లు పాతది కాదు, పొక్లెయిన్ పళ్లు తగిలి పడింది అని. సర్వేయర్ నస్రీన్ ఇద్దరినీ విడివిడిగా కూర్చోబెట్టి వాంగ్మూలం తీసుకుంది.

"తవ్వమని ఎవరు చెప్పారు?" అని హిందీలో అడిగింది లింబాద్రిని.

ఆఫీసు మాట వినలేదని నాగవేణిని తీసేస్తారని అతనికి తెలుసు. "ఎవరూ చెప్పలేదు. ఆమె రాకముందే నేనే తవ్విన," అన్నాడు.

నస్రీన్ ఇద్దరినీ పిలిచి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టింది. నాగవేణి కాగితంలో "తవ్వమన్నది నేనే" అని ఉంది.

"ఒకటి అబద్ధం. ఇట్లా ఉంటే ఈ ఫోటోలను కూడా ఎవరూ నమ్మరు. ఆలోచించుకుని రేపు వచ్చి చెప్పండి."

బయటికి రాగానే నాగవేణి విరుచుకుపడింది. "నన్ను కాపాడమని నిన్నెవరడిగినారు?"

"నీ కొలువు పోతది."

"పోతే పోతాది! నేను రాకముందే తవ్వినావంటే, ఫోటోలు తీసేలోగా నువ్వే ట్యాంకు పగలగొట్టినావంటారు. బిలాల్ బావి ఏం కావాల? మీ రూమోళ్లు ఏం కావాల?"

లింబాద్రి తల వంచుకున్నాడు. ఆమె గొంతు కొంచెం తగ్గింది.

"ఎందుకు చేసినావట్లా?"

"వానల నిలబడి తవ్వమన్నవ్ సూడు... ఆ పొద్దు సంది నువ్వంటే పాణం నాకు."

ఆమె కళ్లు తుడుచుకుంది. "తవ్వమన్నందుకే నచ్చినానంటావు. ఆ మాటే నేను అన్లేదని రాయిస్తావా?"

మర్నాడు లింబాద్రి నిజం చెప్పాడు. "తవ్వమన్నది ఆమెనే. అనకపోతే ఆ నీళ్లన్నీ బావిల కలుస్తుండె." కాగితం దగ్గరికి లాక్కుని సంతకం పెట్టాడు. ఆ సంతకంతో ఆమెకు ఏం జరగబోతోందో తెలిసే పెట్టాడు.

నిన్న ఎందుకు అబద్ధం చెప్పావని నస్రీన్ అడిగింది. అతను పక్కనే ఉన్న నాగవేణి వైపు చూశాడు. నస్రీన్ చిన్నగా నవ్వి నిన్నటి కాగితాన్ని పక్కకు పెట్టేసింది.

ట్యాంకు రేకును పరీక్షకు పంపారు. తుప్పు పాతదేనని, కారడం ఆ పాలసీ కాలంలోనే మొదలైందని తేలింది. వాన ముంచుకొస్తుంటే నష్టం ఆపడానికి తవ్వడం తప్పు కాదని నస్రీన్ రిపోర్టు రాసింది. బావికీ తోట మట్టికీ అయ్యే ఖర్చు పాత పాలసీ కిందే వచ్చింది. ఫ్యాక్టరీ సొంత నేల మాత్రం యజమానే బాగు చేసుకోవాలి. మెల్లగా చేసుకుంటానన్నాడు. ఫ్యాక్టరీ నిలిచింది.

నాగవేణి ఉద్యోగం నిలవలేదు. కొన్ని వారాలు తిరిగి, మస్కట్‌కు చాలా దూరంలో ఉన్న సూర్‌లో ఒక కాంట్రాక్టు కంపెనీ ఆఫీసులో పని సంపాదించుకుంది. వెళ్లేముందు ఆమె తల్లి రామసుబ్బమ్మ లింబాద్రిని పిలిపించింది. ఆమె మస్కట్‌లో ఒక ఇంట్లో వంటపని చేసి కూతుర్ని చదివించిన మనిషి. నాగవేణి రూమ్‌లో చాప మీద కూర్చుని అతన్ని ఎగాదిగా చూసింది.

"నువ్వు చెప్పిన మాటకు నా బిడ్డ ఉద్యోగం పాయె."

"అవునమ్మా."

"ముందు చెప్పిన అబద్ధం మీదనే నిలబడింటే?"

"ఉద్యోగం ఉంటుండె. ఆమె నాతోటి మాట్లాడకపోతుండె."

రామసుబ్బమ్మ కూతురి వైపు చూసింది. నాగవేణి అవునన్నట్లు తలూపింది.

"సరే. సూర్ యాడుండాది, రుసైల్ యాడుండాది? రోజూ ఎట్లా చూసుకుంటారబ్బీ?"

"శుక్రవారం శుక్రవారం బస్సున్నది అత్తమ్మా—"

లింబాద్రి నాలిక కరుచుకున్నాడు. నాగవేణి నవ్వు ఆపుకోలేక గోడవైపు తిరిగింది.

"ఏమన్నావు?" అంది రామసుబ్బమ్మ.

"బస్సున్నది... అని."

"అది కాదబ్బీ. దాని తర్వాత మాట."

లింబాద్రి లేచి వచ్చి ఆమె కాళ్లకు దండం పెట్టాడు. "అత్తమ్మా," అన్నాడు, ఈసారి నోరు జారకుండా.