కొలతల పుస్తకంలో కోడలు

ప్యాంటు అంచు మూడోసారి వంకరపోయింది. టైలరమ్మ కుట్టు విప్పి, దారం ముక్కలు ఊది, మళ్ళీ మిషన్ పాదం కింద పెట్టింది. ముప్ఫై ఏళ్ళుగా కళ్ళు మూసుకుని వేసే కుట్టు ఇవాళ కళ్ళు పొడుచుకుని చూసినా తిన్నగా రావడం లేదు. లేచి కిటికీ దాకా వెళ్ళింది. వచ్చి కూర్చుంది. దాహం లేకపోయినా నీళ్ళు తాగి మళ్ళీ లేచింది. పొద్దుట్నుంచీ కాలు గాలిన పిల్లిలా ఆ రెండు గదుల్లోనే తిరుగుతోంది.

అలా తిప్పుతున్నది మిషన్ పక్కనున్న కాగితం. ఎగిరిపోకుండా దాని మీద ఇస్త్రీ పెట్టె పెట్టి ఉంది. నిన్న సాయంత్రం కొడుకు తెచ్చి ఇచ్చాడు. "పదకొండింటికి డ్యూటీ దిగి వస్తానమ్మా. తయారుగా ఉండు. లాయరు దగ్గర ఒక్క సంతకం, అంతే" అన్నాడు. లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. వాడికి ఏదైనా మీట నొక్కగానే అయిపోవాలి.

కాగితంలో ఆవిడ తరఫున మూడు వాక్యాలు రాసి ఉన్నాయి. మా అబ్బాయి పెళ్ళి పేరుకే జరిగింది. ఆ అమ్మాయి వచ్చింది కాపురానికి కాదు, ఈ దేశంలో ఉండనిచ్చే కార్డు కోసం. నా ఇంట్లో వాళ్ళిద్దరూ భార్యాభర్తల్లా ఉండలేదు.

మధ్య వాక్యం లాయరు సొంతంగా రాసింది కాదు. అది ఈవిడ నోట్లోంచి ఊడిపడ్డదే. నాలుగు నెలల కిందట కోడలు ఇస్త్రీ పెట్టె ఆపకుండా పనికి వెళ్ళిపోయింది, ఎవరిదో తెల్ల చొక్కా మాడిపోయింది. ఆ కోపంలో అనేసింది. కోడలు ఆ సాయంత్రమే పెట్టె సర్దుకుంది. కొడుకు ఆపలేదు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం. అలా జారిన మాటని కొడుకు ఏరి తెచ్చి అచ్చు వేయించాడు.

కోడలు లేని అత్త గుణవంతురాలంటారు. ఈ నాలుగు నెలలూ గుణవంతురాలిగా ఉండి చూసింది. అందులో సుఖమేమీ కనబడలేదు.

తొమ్మిదింటికి తలుపు చప్పుడైంది. తీస్తే కోడలు.

"లోపలికి రావచ్చా అత్తయ్యా?"

"గుమ్మంలో నిలబడి అడుగుతావేం? రా."

కోడలు కళ్ళద్దాల గాజు బిళ్ళలు అరగదీసే కార్ఖానాలో పని చేస్తుంది. వేళ్ళ చివర్లు ఎప్పుడూ ఎర్రగా ఉంటాయి. కుర్చీ అంచున కూర్చుని ఆ వేళ్ళనే చూసుకుంటోంది. ఒంటి మీద అత్తగారు కుట్టిన కోటే ఉంది, రెండో గుండీ వేలాడుతోంది.

"ఆయన లేని టైము చూసుకునే వచ్చాను. పోట్లాటకి కాదు. నా కార్డు రెండేళ్ళదే కదా, వచ్చే నెలతో అయిపోతుంది. మామూలుగా అయితే భార్యాభర్తలు కలిసి దరఖాస్తు పెట్టాలి. విడాకులైతే నేనొక్కదాన్నే పెట్టుకోవచ్చు. కానీ మాది నిజమైన కాపురమే అని చూపించాలి. ఈ ఇంటి అడ్రసుతో నా పేరున ఏదైనా కాగితం ఉందేమో చూస్తారా?"

టైలరమ్మ సొరుగు లాగింది. ఏం ఉంటుంది? అద్దె ఒప్పందం ఆవిడ పేరున, కరెంటు ఆవిడ పేరున, నీళ్ళు, ఫోను, చెత్త బండి కూడా ఆవిడ పేరునే. కొత్తలో ఒకసారి అద్దె కాగితంలో తన పేరు కూడా చేర్చమని కోడలు అడిగింది. నా ఇంట్లో నీ పేరెందుకమ్మా అని నవ్వి ఊరుకుంది. పెత్తనం అంత తీపి మరి.

"ఫొటోలు ఉన్నాయిగా బోలెడు" అంది.

"అన్నీ నేనే తీశాను అత్తయ్యా. వాటిలో మీరూ మీ అబ్బాయీ ఉంటారు."

టైలరమ్మ సొరుగు మూసేసింది.

"వాడు విడాకులు కాదు, రద్దు అంటున్నాడే. ఎలాగూ విడిపోయేదే కదా, రెండింటికీ తేడా ఏముంది?"

కోడలు తలెత్తింది. "విడాకులంటే ఉన్న పెళ్ళి తెగిందని అర్థం. రద్దంటే అసలు పెళ్ళే లేదని. అందులోనూ కార్డు కోసం మోసం చేసిందని రద్దు చేయిస్తే నేను దొంగనవుతాను. కార్డు పోతుంది, పని పోతుంది, దేశం వదిలి పొమ్మంటారు. మళ్ళీ రానివ్వరు కూడా."

అంటూనే చూపు ఇస్త్రీ పెట్టె కింద కాగితం మీద పడింది. లాగి చదివింది. రెండో వాక్యం దగ్గర ఆగిపోయింది.

"ఇది మీ మాటే కదా" అంది నెమ్మదిగా.

కోడలు కాగితాన్ని ఎక్కడిది అక్కడ పెట్టి లేచింది.

"ఆగు. గుండీ ఊడిపోతోంది. కోటు ఇప్పు."

"పర్లేదు అత్తయ్యా, వెళ్తాను."

"ఇప్పమన్నానా?"

గుండీ కుడుతుంటే చేతులు కాస్త కుదుటపడ్డాయి. తిరిగి తొడిగి చూస్తే నడుము దగ్గర కోటు గుప్పెడు వదులుగా వేలాడుతోంది. అప్పటి కొలత ఎంతో చూద్దామని పుస్తకం తీసింది. బ్యాంకు పొడుగాయన, మూడో అంతస్తు లాయరమ్మ, పళ్ళ డాక్టరు, ఇలా గుర్తులతో రాసుకునే పుస్తకం. తేదీ లేకుండా ఒక్క కొలతా ఉండదు. అది ఆవిడ పనికి ఆవిడ పెట్టుకున్న నియమం.

కోడలు పేజీ దొరికింది. పోయినేడాది కొలతలు. నడుము ఇరవై ఎనిమిది. నెల తర్వాత ఇరవై తొమ్మిదిన్నర. తర్వాత ముప్ఫై ఒకటి. తర్వాత ముప్ఫై మూడు. మళ్ళీ ఆరు వారాలకి ఇరవై ఎనిమిది.

కోడలు కూడా వంగి ఆ పేజీ చూసింది. ఆ గౌన్లు వదులు చేసింది ఈ చేతులే. ఆసుపత్రి నుంచి వచ్చాక ఒక్క మాటా మాట్లాడకుండా మళ్ళీ బిగించిందీ ఈ చేతులే. పుట్టకుండానే పోయిన ఆ బిడ్డ మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. కొడుకు అదనపు డ్యూటీలు వేసుకున్నాడు, కోడలు కార్ఖానాకి పోయింది, ఈవిడ మిషన్ తొక్కింది. కాపురం విరిగింది అక్కడే. మాడిన చొక్కా తర్వాతి సంగతి.

తలుపు తాళం తిరిగింది. కొడుకు గంట ముందే వచ్చేశాడు. పెళ్ళాన్ని చూసి గుమ్మంలోనే ఆగాడు.

"నువ్వెందుకొచ్చావు? అమ్మా, ఈమె ఏమైనా సంతకం అడిగిందా?"

"సంతకం అడిగింది నువ్వు" అంది తల్లి. "కూర్చో. రద్దే ఎందుకు కావాలి నీకు?"

"కొత్త సంబంధం వాళ్ళకి విడాకులైనవాడు వద్దమ్మా. రద్దయితే ఏ మచ్చా ఉండదు, పెళ్ళి కానివాడినే అవుతాను. ఈమెకి పోయేదేముంది, ఎలాగూ వెళ్ళిపోయిందిగా."

"పోయేది దేశం. మెడలో పడేది దొంగ అన్న బోర్డు. నీకు మచ్చ లేకుండా పోవడానికి దాని మొహాన మసి పూస్తావా?"

"కార్డు కోసం వచ్చిందన్నది నువ్వే కదమ్మా. నేనేం కల్పించానా?"

"అన్నాను. నా నోటికి బుద్ధి లేదు. కోపంలో కూసిన కూతని సాక్ష్యం చేస్తే నిజమైపోతుందా?" టైలరమ్మ పుస్తకం తెచ్చి వాడి ముందు పెట్టింది. "ఇదెవరి రాతో చెప్పు."

ఆవిడ టేపు పట్టుకుంటే అంకెలు రాసేది కొడుకే. మాట పలకడం తల్లి పని, రాసుకోవడం వాడి పని, చిన్నప్పటి నుంచీ అంతే. వాడు వంగి చూశాడు. ముప్ఫై మూడు అన్న అంకె పక్కన, వాడి వంకర అక్షరాలతో, నవ్వుకుంటూ రాసిన ముక్క ఒకటుంది: ఇద్దరికీ కలిపి.

వాడి వేలు ఆ అక్షరాల మీదే ఉంది. తర్వాత ఆ వేలు కింది గడిలోని ఇరవై ఎనిమిది మీదికి జరిగింది. దాని పక్కన ఎవరూ ఏమీ రాయలేదు.

"ఆ రోజు నేను ఆసుపత్రికి రాలేదు" అన్నాడు పెళ్ళాంతో. "లిఫ్టులో ఎవరో ఇరుక్కున్నారని చెప్పాను. ఎవరూ ఇరుక్కోలేదు. నిన్ను చూడలేక కింద వీధిలో కూర్చున్నాను."

"తెలుసు. కిటికీలోంచి కనబడ్డారు."

దాంతో వాడు చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. కోడలు కూడా ఏడ్చింది, కానీ వాడి దగ్గరికి వెళ్ళలేదు. ఇద్దరి మధ్యా టైలరమ్మ, ఎవరి కళ్ళు తుడవాలో తెలియక, కొంగుతో తన కళ్ళే తుడుచుకుంది.

"నేను తిరిగి రాను" అంది కోడలు చివరికి. "ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. మన పెళ్ళి అయిపోయిందంటే ఒప్పుకుంటాను. జరగలేదంటే మాత్రం ఒప్పుకోను."

కొడుకు ఇస్త్రీ పెట్టె ఎత్తి, కాగితం తీసి నాలుగు ముక్కలు చేశాడు. "విడాకులే వేస్తాను. కొత్తవాళ్ళకి నేనే చెప్పుకుంటాను. ఇష్టమైతే ఉంటారు, లేకపోతే లేదు."

టైలరమ్మ పుస్తకం కోడలి చేతిలో పెట్టింది. "ఇది పట్టుకెళ్ళు. రెండేళ్ళ తేదీలున్నాయి. నేను చూసిందంతా నా చేత్తోనే రాసిస్తాను. ఈసారి నా మాట నేనే రాసుకుంటాను."

"మరి మీ బేరాలు? అందరి కొలతలూ ఇందులోనే కదా."

"మనుషులెక్కడికి పోతారే. మళ్ళీ కొలుచుకుంటాను. ముందు నువ్వు నిలబడు, ఆఫీసరు ముందుకి ఈ వేలాడే కోటుతో వెళ్తావా?"

టేపు నడుం చుట్టూ తిరిగింది. "ఇరవై ఆరు" అంది టైలరమ్మ. పాత అలవాటు కొద్దీ కొడుకు పుస్తకం అందుకుని పెన్ను తీశాడు. కొత్త పేజీలో అంకె వేశాడు, తేదీ వేశాడు. పేరు గడి దగ్గర పెన్ను ఆగిపోయింది.

"ఏమని రాయనమ్మా ఇప్పుడు?"

టైలరమ్మ పుస్తకం తన వైపు లాక్కుంది. "విడాకులు మీ ఇద్దరికీరా" అంది. "నన్నెవరూ అడగలేదుగా." పెన్ను తీసుకుని, ఒత్తి ఒత్తి, కోడలు అని రాసింది.