నాలుగు దీపాల కిటికీ

వీసా వచ్చిందన్న ఫోన్ వచ్చేసరికి నేను నా గదిలో స్టూలెక్కి, ఓ పెద్ద అద్దాన్ని గుండెకు హత్తుకుని ఉన్నాను. చేతులు ఖాళీ లేవు. లింగన్న సెల్ తెచ్చి నా చెవికి ఆనించాడు.

"ఫిన్నీ! మీ ఆవిడ విజిట్ వీసా వచ్చేసిందయ్యా. నెల రోజులు. సరేనా?" అన్నారు మా మేనేజర్ జగ్గారావు గారు.

సరేనా ఏమిటండీ! పెళ్లయిన పన్నెండో రోజున స్టెల్లాని సామర్లకోట స్టేషన్లో వదిలి బహ్రెయిన్ తిరిగొచ్చినవాణ్ణి. స్టూలు మీదే గంతేయబోయాను.

"అద్దం పలగ్గొడ్తవా తమ్మీ? ముందుగాల కిందికి దిగు!" అని అరిచాడు లింగన్న. మా గ్లాస్ షాపులో పెద్ద ఫిట్టరు ఆయన. జగిత్యాల మనిషి. ఇన్నేళ్లుగా బహ్రెయిన్లో ఉంటూ ఇంటికి ఫోన్ చేస్తే మాత్రం "దుబాయిల మంచిగున్న" అంటాడు.

ఆ అద్దం మామూలుది కాదు. రెండు గాజు పలకలు, మధ్య బొటనవేలంత సందు. ఆ సందులో గాలికి బదులు ఆర్గాన్ వాయువు నింపి, చుట్టూ నేనే సీలు వేశాను. ఒక పలకకి కంటికి కనిపించని లోహపు పూత ఉంటుంది. అది వేడిని వచ్చిన దారినే తిప్పి పంపేస్తుంది. జుఫైర్‌లో కడుతున్న టవర్‌కి ఇలాంటివే పెడదామని నేను జగ్గారావు గారి ప్రాణం తీశాను. చివరికాయన ఓ పరీక్ష పెట్టారు.

"సల్మానియాలో నీ గదికి పడమటి వైపు రెండు కిటికీలున్నాయిగా? ఒకదానికి నీ అద్దం, రెండోదానికి పూత, గ్యాసు లేని రెండు పలకలది బిగించు. ఆగస్టు ఎండలో నీది గెలిస్తే నువ్వే సూపర్‌వైజర్‌వి."

మా కంపెనీలో సూపర్‌వైజర్ అయితేనే ఫ్యామిలీ వీసా ఇస్తారు. నెల తర్వాత స్టెల్లా ఉండాలా, వెళ్లిపోవాలా అన్నది ఇక ఆ అద్దమే తేల్చాలి.

అద్దం మీద 'అవుట్‌సైడ్' అని ఎర్ర స్టిక్కరుంది. కొత్త పెళ్లికూతురు అడుగుపెట్టే గదిలో ఈ ఎర్ర మరకేమిటనుకున్నాను. గోరుతో గీకేశాను. రెండు వైపులా తళతళలాడేలా తుడిచి, ఈల వేసుకుంటూ బిగించేశాను.

* * *

స్టెల్లా గదిలోకి వస్తూనే, "ఇది గదా అండీ, బేకరీయా?" అంది.

"ఏసీ ఆన్ చేస్తా. కానీ ఆ ఎడమ కిటికీ చూశావా? నా చేత్తో చేశాను!"

"నన్ను ఎయిర్‌పోర్టులో చూసినప్పుడు కూడా మీ మొహం ఇంత వెలగలేదు."

ఊళ్లో ఆమె స్కూల్లో ఫిజిక్స్ చెప్పేది. మర్నాడే సూపర్‌మార్కెట్లో రెండు థర్మామీటర్లు కొని, కిటికీకొకటి తగిలించింది. మధ్యాహ్నం పన్నెండు నుంచి గంటగంటకీ నోట్‌బుక్‌లో రాసేది. కొంగు నడుంలో దోపుకుని, పెన్సిల్ చెవి వెనక పెట్టుకుని, పెదవి కొరుకుతూ అంకె చదివే ఆ పిల్లని చూడటానికే నేను లంచ్ బ్రేక్‌లో పరుగెత్తుకొచ్చేవాణ్ణి.

నాలుగు రోజుల తర్వాత నోట్‌బుక్ నా ముందు పెట్టింది.

"మీ అద్దం దగ్గర మూడు డిగ్రీలు..."

"తక్కువా?"

"ఎక్కువ."

"ఎక్కువా!"

"చాలా మర్యాదస్తురాలండీ మీ అద్దం. ఎండని లోపలికి పిలిచి కూర్చోబెడుతోంది."

నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయింది.

గ్యాసు లీకయిందనుకున్నాను. విప్పి షాపుకి తీసుకెళ్లి మళ్లీ నింపాను. సీలు మార్చాను. విప్పినదాన్ని విప్పినట్టే జాగ్రత్తగా బిగించాను. అవే మూడు డిగ్రీలు. వేడికి తాళలేక స్టెల్లా రెండు కిటికీలకీ దుప్పటి కట్టేసింది. కొలిచేటప్పుడు తప్ప తీసేది కాదు. పడమటి వైపు కిటికీలుండీ మేమిద్దరం ఒక్క సూర్యాస్తమయం చూడలేదు. ఆమె చీరలు కూడా పెట్టెలోనే ఉన్నాయి.

"బీరువాలో పెట్టుకోవచ్చుగా?" అంటే, "నెల రోజులకి బీరువా ఎందుకండీ?" అంది తేలిగ్గా. ఆ తేలికే నాకు బరువైంది.

మా పెళ్లయి రెండు నెలలైన రోజు అరచేతిలో పట్టేంత కేకు తెచ్చాను. భోజనానికి పిలిస్తే లింగన్న కూడా వచ్చాడు. బయట పొద్దుగూకే వేళ మగ్రిబ్ అజాన్ వినిపిస్తోంది, ఆకాశం నీలంగా మారుతోంది. స్టెల్లా దుప్పటి పక్కకు జరిపి, కేకు మీద కొవ్వొత్తి వెలిగించి, కేకుతో సహా నా అద్దం దగ్గరికి తీసుకెళ్లింది.

"ఏమండీ, ఇటు రండి! ఒక్క కొవ్వొత్తికి నాలుగు దీపాలు!"

"రెండు పలకలకి నాలుగు ముఖాలు కదా స్టెల్లా. ఒక్కో ముఖంలో ఒక్కోటి."

"మరి మూడు పసుపు పచ్చగా ఉన్నాయి. రెండోది మాత్రం వంగపండు రంగులో ఉందేం?"

"పూత ఉన్న ముఖంలో అలాగే... రెండోదా? మూడోది కాదూ?"

"మన వైపు నుంచి రెండోదే. నాకు లెక్కలొచ్చండీ."

పూత ఉండాల్సింది బయటి పలక లోపలి ముఖాన. మన వైపు నుంచి లెక్కపెడితే అది మూడోది. రెండోది రంగు మారిందంటే అద్దం తిరగబడింది! పూత ఆపిన వేడికి కాలే పలక మా వైపుంది. రెండుసార్లు బిగించి, రెండుసార్లూ అలాగే శ్రద్ధగా తిరగేసి పెట్టాను.

"స్టిక్కరు..." అన్నాను నీరసంగా. అంతా చెప్పాను.

లింగన్న నడుం పట్టుకుని నవ్వాడు. "షాపుల గన్ని అద్దాలకు లైటర్ పెట్టి చూస్తవ్. నీ ఇంటి అద్దానికి చూడకపోతివా తమ్మీ?"

"అంటే నేను వస్తున్నానన్న సంతోషంలో..." స్టెల్లా నా వంక చూసింది. ఆ చూపుకి కేకు మీద ఉన్న కొవ్వొత్తిని కూడా ఊదడం మర్చిపోయాను.

మర్నాడు పొద్దున్నే లింగన్న, నేను కలిసి అద్దం తిప్పాం. మధ్యాహ్నం మూడింటికి స్టెల్లా అంకె చదివింది. తర్వాత నోట్‌బుక్‌తో మొహం కప్పుకుని నవ్వింది. మామూలు అద్దం కంటే ఐదు డిగ్రీలు తక్కువ!

రెండు రోజులాగి జగ్గారావు గారొచ్చారు. ఎడమ చెయ్యి నా అద్దం మీద, కుడి చెయ్యి మామూలు అద్దం మీద ఆనించారు. కుడి చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకున్నారు. ఎడమ చెయ్యి అక్కడే ఉంచి, కుడి చేత్తో స్టెల్లా నోట్‌బుక్ తిరగేశారు.

"బాగుందయ్యా. మరి మొదటి పేజీల్లో అంకెలన్నీ ఎందుకు తలకిందులుగా ఉన్నాయి?"

గ్యాసు లీకయిందని తప్పు ఆర్గాన్ మీదికి నెట్టేయొచ్చు. స్టెల్లా నన్నే చూస్తోంది.

"తప్పు నాదే సార్. స్టిక్కరు పీకేసి తిరగేసి పెట్టాను. పట్టుకున్నది మా ఆవిడ, కొవ్వొత్తితో."

ఆయన నోట్‌బుక్ మూసి స్టెల్లా చేతికిచ్చారు. "టవర్‌కి రెండొందల కిటికీలు. ఎవడు ఎటు తిప్పి పెడతాడోనని నాకిప్పటికే నిద్ర లేదు. ఇక ఆ భయం నీకుంటుంది. ప్రతి అద్దానికీ మంట చూపించాకే ఫ్రేములోకి ఎక్కించాలి, సూపర్‌వైజర్ గారూ! రేపు పొద్దున్నే ఇద్దరి పాస్‌పోర్టులూ పట్టుకుని ఆఫీసుకి రండి. అమ్మా స్టెల్లా, వాటిని మాత్రం నువ్వే తీసుకురా. ఇతన్ని నమ్మలేం."

ఆయన వెళ్లగానే గదిలో ఇద్దరమూ పిచ్చివాళ్లలా నవ్వుకున్నాం. స్టెల్లా నోట్‌బుక్ తీసి, చివరి పేజీలో ఏదో రాసి, టీచరమ్మ గొంతుతో చదివింది.

"రేపటి కార్యక్రమం. పొద్దున పాస్‌పోర్టులు. మధ్యాహ్నం నా చీరలన్నీ బీరువాలోకి. సాయంత్రం దుప్పటి తీసేసి, ఈ కిటికీ ముందు రెండు కుర్చీలు, రెండు టీలు."

"టీ ఎవరు పెడతారు?"

"మీరే. నేను సూర్యుణ్ణి చూడాలి."