దాదీ విమానం దారి మళ్లింది

పొద్దున్నే మహమూదా బిర్యానీకి ఉల్లిపాయలు తరుగుతోంది. మక్కాకు ఉమ్రా యాత్ర వెళ్లిన అత్తగారు హజ్రా బీ ఆ సాయంత్రానికి పిడుగురాళ్ల వచ్చేస్తోంది. ఇల్లు పండగలా ఉండాల్సిందే కానీ, సెలవు మీద వచ్చిన కూతురు హఫ్సా మాత్రం మొహం మాడ్చుకుని కూర్చుంది.

మాడ్చుకోక ఏం చేస్తుంది? విమానాలకు కింద నుంచి దారి చెప్పే కంట్రోలర్ ఉద్యోగం, రాత్రింబవళ్లు చదివి తెచ్చుకుంది. రాత్రి డ్యూటీలు ఆడపిల్లకెందుకని దాదీ హజ్రా బీ పట్టు. తను తిరిగొచ్చేసరికి మాన్పించాలని కొడుకు చేత మాట తీసుకుని మరీ వెళ్లింది. ఆ కొడుకు మీరా సాహెబ్ క్వారీ లారీల మెకానిక్కు. ఎంత మొండి ఇంజన్నయినా లొంగదీస్తాడు గానీ తల్లి ముందు నోరెత్తడు.

"అమ్మ రాంగానే అడిగిద్ది. ఇప్పుడే రాజీనామా పంపించెయ్యవే," అన్నాడు కూతురితో.

"పంపను అబ్బా. ఏం తప్పు చేశానని మానాల?"

"ఎదురు చెప్తన్నావా?"

అంతలో టీవీలో ఎర్రక్షరాలు పరిగెత్తాయి. జెద్దా నుంచి హైదరాబాద్ వస్తున్న విమానంలో లోపం, ముంబైకి మళ్లింపు, అక్కడ ఫుల్ ఎమర్జెన్సీ. "యా అల్లా! అత్తమ్మ ఎక్కింది అదేగా!" అని మహమూదా గుండెలు బాదుకుంది. మీరా సాహెబ్ టీవీ సౌండు పెంచాడు.

హఫ్సా టీవీ దగ్గరికెళ్లి ఆ అక్షరాలు మళ్లీ చదివింది. "అబ్బా, ఏం రాశాడో చూడు. పైలట్ పాన్-పాన్ అన్నాడంట. మేడే అన్లేదు."

"అదేంది?"

"ప్రాణం మీదికొస్తే మేడే అంటారు. ఇబ్బందొచ్చింది, మాకు ముందు దారియ్యండి అనేదానికి పాన్-పాన్. లారీకి ఆయిల్ లైటు వెలిగితే ఏం చేస్తారు?"

"దగ్గర్లో ఏ షెడ్డుంటే దానికి తిప్పుతారు."

"ఇదీ అంతే."

"మరి ఫుల్ ఎమర్జెన్సీ అంటన్నాడే!"

"అది నేల మీద వాళ్ల జాగర్త. ఫైరింజన్లు, అంబులెన్సులు తయారుగా పెడతారు. కూలిందని కాదు."

"నీకు భయంగా లేదా ఏందే?"

"చానా భయంగా ఉంది. నా దాదీ గదా అందులో ఉంది!"

తండ్రి కూతురి చెయ్యి పట్టుకున్నాడు. ముగ్గురూ కళ్లార్పకుండా టీవీకే అతుక్కుపోయారు. విమానం క్షేమంగా దిగిందన్న వార్త విని మహమూదా భోరున ఏడ్చేసింది. హఫ్సాకు మాత్రం సంతోషం వెనకే దిగులు పట్టుకుంది. ఇంత జరిగాక దాదీ ఇక విమానం పేరైనా ఎత్తనిస్తుందా?

ఇంకో విమానంలో హైదరాబాద్, అక్కణ్ణుంచి కారులో పిడుగురాళ్ల చేరేసరికి మర్నాడు మధ్యాహ్నమైంది. వీధి వీధంతా దండలతో ఎదురొచ్చింది. హజ్రా బీ మెడలో దండలతోనే లోపలికొచ్చింది.

"హఫ్సా ఏదిరా?"

"అమ్మా, రాజీనామా సంగతి..." అని నసిగాడు మీరా సాహెబ్.

"నువ్వు నోర్ముయ్యి. విమానంలో అందరూ ఏడుపులే. నేను కలిమా చదివి అల్లాను తలుచుకుంటా కూర్చున్నా. దిగేటప్పుడు పైలట్‌ని ఆపి, మనకు దారి చూపించిందెవరు నాయనా అని అడిగా. కింద టవర్లో ఒక అమ్మాయంట! రాత్రి నించీ డ్యూటీలో ఉందంట." ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఆ పిల్లను గూడా వాళ్ల దాదీ ఇంట్లో కూర్చోబెట్టి ఉంటే నేను ఈ గడప తొక్కేదాన్నంటరా?"

హఫ్సా పరుగున వచ్చి దాదీని చుట్టేసింది. ముసలామె తన మెడలోని దండలన్నీ తీసి, గుమ్మంలో మూగిన వీధి జనం చూస్తుండగా, మనవరాలి మెడలో వేసింది.

"డ్యూటీ ఎప్పుడే?"

"రేపు రాత్రికి, దాదీ."

"ఒరేయ్ మీరా, పిల్లను రేపు నువ్వే దగ్గరుండి ఎయిర్‌పోర్టులో దింపిరా. ఆలస్యమైతే ఊరుకోను!"