ముఖం అచ్చు తీసిన రోజు

సెప్టెంబరులో ఒక శనివారం ఉదయం. ప్లొవ్‌దివ్‌ నగరంలోని ఒక అయిదో అంతస్తు ఇంట్లో ప్లామెన్ బాల్కనీలో కూర్చుని చలికాలం నిల్వకు ఎర్ర మిరపకాయలు కాలుస్తున్నాడు. వంటింట్లో అతని భార్య స్నెజానా ముందున్న టీ చల్లారిపోయింది. కూతురు రాడినా బల్లమీద పరుస్తున్న వాజలిన్ డబ్బా, తెల్లపొడి, ప్లాస్టర్ పట్టీల వంకే ఆమె చూస్తోంది.

రాడినా సినిమా స్కూల్లో చివరి ఏడాది చదువుతోంది. ఆమె తీస్తున్న చిన్న సినిమాలో ఒకావిడ రోజూ పొద్దున్నే ముఖం కడుక్కుంటుంది. నిన్నటి ముఖం ఊడి తొట్టిలో పడుతుంది, కింద ఇంకొకటి బయటపడుతుంది. ఇంట్లోవాళ్ళు రోజుకో పేరుతో పిలుస్తారు. ఒక అధికారి వచ్చి పేరేంటని నిలదీస్తాడు. కంప్యూటర్ మాయలేమీ లేవు. అసలు ముఖానికి అచ్చు తీసి, అందులో జెలటిన్ పోసి ముఖాలు తయారుచేస్తారు. వేడినీళ్ళు తగిలితే అవి నిజంగానే కరిగి జారిపోతాయి.

"వేషం వేస్తానన్నావిడ హ్యాండిచ్చిందమ్మా. ఇక నీ ముఖమే దిక్కు."

"నా ముఖంలో ఏముందే, ముడతలు తప్ప?"

"ఆ ముడతలే కావాలి. ఇరవై నిమిషాలు కదలకు. ఊపిరాడకపోతే చెయ్యెత్తు."

స్నెజానాకు ఒప్పుకోవాలని లేదు. వద్దనడానికి కారణం చెప్పాలి. ఆ కారణం ఇరవైతొమ్మిదేళ్ళుగా భర్తకు తప్ప ఎవరికీ తెలియనివ్వలేదు. తల ఊపి కుర్చీలో వెనక్కి వాలింది.

నీళ్ళలో కలిపిన పొడి చల్లటి ముద్దై నుదుటినుంచి జారి కళ్ళు మూసింది. పెదవులమీద గట్టిపడింది. ముక్కుపుటాలు మాత్రం మిగిలాయి. తడి పట్టీలు ఒక్కొక్కటే పడుతుంటే తల బరువెక్కింది. అది ఆరేలోగా సినిమాలో అధికారి మాట రికార్డు చేద్దామని రాడినా ఫోన్ తీసి, గొంతు మార్చి గద్దించింది.

"పేరు? నీ పేరేంటి? గట్టిగా చెప్పు!"

చీకట్లో స్నెజానాకు మంచు కనిపించింది. కర్జాలి దగ్గర వాళ్ళ ఊరు. పందొమ్మిదివందల ఎనభై అయిదు, జనవరి. బడి ముందు వరస. తుపాకులతో నిలబడ్డ మనుషులు. బల్లమీద కొత్త పేర్ల జాబితా. ముందు నిలబడ్డ నాన్న తల వంచుకుని సంతకం పెట్టాడు. తర్వాత తను. నోరు పెగల్లేదు. అప్పుడూ ఇలాగే, పెదవులు అతుక్కుపోయినట్టు.

చెయ్యెత్తాలన్న సంగతే మరిచిపోయింది. రెండు చేతులతో ముఖాన్ని పీక్కుంది. కుర్చీ వెనక్కి పడింది.

"అమ్మా! ఏం చేశావు? అచ్చు ముక్కలైపోయింది!" రాడినా కేక పెట్టింది. "ఇష్టం లేకపోతే ముందే చెప్పొచ్చుగా! నా పనంటే నీకెప్పుడూ చిన్నచూపే!"

"అలా అడక్కే... పేరు అలా అడక్కు..." నేలమీద స్నెజానా రెండు చేతులతో చెవులు మూసుకుంది.

"అది డైలాగమ్మా! ఉత్త సినిమా!"

"నాకు సినిమా కాదు! నా పేరు స్నెజానా కాదే!"

రాడినా ఫోన్‌లో రికార్డింగ్ ఆపేసింది. స్నెజానా ఆగలేకపోయింది. తమది తురుష్కుల కుటుంబమనీ, అప్పటి ప్రభుత్వం తురుష్కుల పేర్లన్నీ బలవంతంగా మార్పించిందనీ, ఆ పేరు ఎవరో జాబితా చూసి రాసిందనీ, తాతల సమాధులమీద పేర్లు కూడా ఉలితో చెరిపేశారనీ చెప్పింది. ఎనభైతొమ్మిది వేసవిలో అక్కతో సహా ఇంటిల్లిపాదీ సరిహద్దు దాటి తురుష్కుల దేశానికి వెళ్ళిపోతుంటే, ప్లామెన్ కోసం తానొక్కతే ఉండిపోయింది.

"మరి అమ్మమ్మా తాతయ్యా కారు ప్రమాదంలో పోయారన్నావుగా?"

"అబద్ధం చెప్పాను. సరిహద్దు అవతల, బుర్సాలో పోయారు. కబురొచ్చినా కడచూపుకీ వెళ్ళలేదు."

"ఆ ప్రభుత్వం పోయాక పాత పేరుకు మార్చుకోవచ్చన్నారుగా అమ్మా. ఎందుకు మార్చుకోలేదు?"

"భయమే. మళ్ళీ ఏ పొద్దున జాబితా పట్టుకుని తలుపు కొడతారోనని. నువ్వు పుట్టాక ఆ భయం రెండింతలైంది. నీ పేరు కూడా అడుగుతారేమోనని."

రాడినా నేలమీద చతికిలబడి తల్లి చెంపలకంటిన తెల్లముద్దను మెల్లగా తుడవసాగింది. "నాకీ సినిమా వద్దమ్మా. ఆపేస్తాను."

"ఆపావంటే ఊరుకోను. మళ్ళీ పొడి కలుపు. కానీ ఆ ప్రశ్న అడిగేటప్పుడు నా చెయ్యి పట్టుకో."

మసి చేతులతో ప్లామెన్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో ఇద్దరూ చూడలేదు. "నన్ను తిట్టుకున్నా సరే, ఒకటి చెప్పాలి. ప్రతి కొత్త సంవత్సరానికీ మీ అక్కకి ఫోన్ చేస్తున్నాను. కులాసాగా ఉన్నావని చెప్పి పెట్టేస్తాను."

"మా అక్క... నా గురించి అడుగుతుందా?"

"ఇంకేం అడుగుతుంది?" అతను నంబరు నొక్కి ఫోన్ ఆమె చేతిలో పెట్టాడు.

స్నెజానా పెట్టేయబోయింది. రాడినా ఆ చేతిని కింద నుంచి పట్టుకుంది. అవతల ముసలి గొంతు పలికింది. స్నెజానా నోట, ఆ ఇంట్లో ఎన్నడూ వినపడని పుట్టింటి భాషలో, మాటలు తడబడుతూ వచ్చాయి.

"అక్కా... నేను. సెమిహాని."



"ఇన్నేళ్ళూ ఎక్కడ చచ్చావే, సెమిహా!" అంటూ అవతల అక్క భోరుమంది.