నాలుగో అంతస్తు జోస్యం

"నాలుగో అంతస్తులో కూర్చుని జోస్యాలు చెప్పే పెద్దమనిషి మీరేనా?"

కంప్యూటర్ ముందున్న యువకుడు ఉలిక్కిపడి తిరిగాడు. గుమ్మంలో తెల్లకోటు, తడి చేతులు, ముక్కు మీద కోపం.

"జోస్యాలా? నేను ప్రోగ్రాములు రాస్తానండీ."

"ఏదైతేనేం! ఒక మైక్రో ఆర్‌ఎన్‌ఏని చేపలోంచి తీసేస్తే గుండె లయ తప్పుతుందని చెప్పింది మీ కంప్యూటరే కదా? తీసేశాను. ఏడాదిగా చూస్తున్నాను. నా చేపలు నిక్షేపంలా ఉన్నాయి."

"సంతోషమే కదండీ!"

"నాకు కాదు!"

అతను నవ్వు ఆపుకోబోయి ఓడిపోయాడు. "నిజం చెప్పనా? నేనింతవరకూ ఆ చేపని చూడనే లేదు."

మొహమైనా చూడకుండా చేప జాతకం రాసేశాడన్నమాట!

"లేవండి," అంది. "కిందికి పదండి."

చేపల గది వెచ్చగా, చెమ్మగా ఉంది. అరల నిండా తొట్లు, వాటిలో చారల చారల చిట్టి చేపలు. ఆమె గసగసాల గింజంత గుడ్డునొకదాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి పక్కకి జరిగింది. గాజులా పారదర్శకమైన ఆ గుడ్డులో పిల్ల ముడుచుకుని పడుకుంది. దాని గుండె టకటకా ఆడుతోంది.

అతను చాలాసేపు కన్ను తీయలేదు. "కొట్టుకుంటోందండీ!"

"మరి? గుండె చేసే పని అదే."

"ఈ మైక్రో ఆర్‌ఎన్‌ఏ ఏం చేస్తున్నట్టు ఇక్కడ? నాకు తెరమీద అక్షరాలుగానే తెలుసు."

"ఫలానా ప్రోటీన్ చేయమని జీన్ కబురు పంపుతుంది. కబుర్లు మితిమీరితే గుండె సరిగ్గా తయారవదు. ఈ బుల్లిది వెళ్లి ఆ కబురుకి అతుక్కుని, ఇక చాల్లే అని నోరు నొక్కేస్తుంది."

"అచ్చం మా అమ్మ!"

ఆమె ఫక్కున నవ్వింది. ఆ గదిలో తన నవ్వు వినబడటం ఆమెకే కొత్తగా తోచింది.

ఉద్యోగం కోసం తెలిసినవాళ్లెవరూ లేని ఊరికి వచ్చిందామె. ఆదివారాలూ చేపలకి మేత వేయాలి. ఆ వంతులన్నీ తనకే ఇచ్చేయమని అడిగి మరీ తీసుకుంది. "ఎంత మంచి పిల్లో!" అనుకున్నారంతా. సెలవు రోజున తన అద్దెగదిలో గోడలు చూస్తూ కూర్చోవడం కన్నా చేపల్ని చూడటం నయమని ఎవరికి చెబుతుంది? అక్క ఫోన్ చేసి, "అక్కడ నీకంటూ ఎవరైనా ఉన్నారటే?" అంటే, తొట్ల వంక చూస్తూ, "బోలెడుమంది," అనేది.

తర్వాతి ఆదివారం అతను దిగి వచ్చాడు. "గుండె చూసి పోదామని." ఆపై వారమూ వచ్చాడు. మేత వేయడం నేర్చుకున్నాడు, సగం నేలమీద పోశాడు, తిట్లు తిన్నాడు. ఆమెకి ఆదివారం కోసం శుక్రవారం నుంచే ఎదురుచూడటం అలవాటైంది.

ఒకరోజు ప్రొఫెసర్ పిలిచాడు. "ఆ ప్రాజెక్టు ఆపేద్దామమ్మా. ఆ చేపల్ని తీసేయ్. తన లెక్కే తప్పుండొచ్చని నాలుగో అంతస్తు అబ్బాయే వచ్చి చెప్పాడు."

ఆమె ఒక్క ఊపున మెట్లెక్కింది. "నాతో ఒక్క మాటైనా అనకుండా ఎలా చెప్పారు?"

"నా తప్పుడు జోస్యానికి మీ సెలవులన్నీ బూడిదలో పోసిన పన్నీరవుతున్నాయి," అన్నాడతను తల వంచుకుని. "మీకూ ఒక బతుకుండాలి కదండీ!"

"నా సెలవుల సంగతి మిమ్మల్ని ఎవరడిగారు?"

ఆ ఆదివారాలే తన బతుకని మాత్రం చెప్పలేదు. గిరుక్కున తిరిగి వచ్చేసింది.

అతను రావడం మానేశాడు. తలుపు చప్పుడైతే ఆమె తలెత్తేది. గాలి. మేత వేసేది, తొట్లు తుడిచేది, తుడిచినవే మళ్లీ తుడిచేది. ఆ చేపల్ని తీసేయడానికి మాత్రం చెయ్యి రాలేదు. అవి పెట్టిన గుడ్లు కొన్ని గాజుపళ్లేల్లో పోసి, వెచ్చగా ఉంచే కరెంటు పెట్టెలో, మామూలు గుడ్ల పక్కనే ఉంచింది.

ఒక ఆదివారం జోరువాన. ఆమె వచ్చేసరికి, అంతకుముందు పోయిన కరెంటు తిరిగొచ్చింది కానీ పెట్టె మాత్రం పనిచేయడం లేదు. చెయ్యి పెడితే లోపల చల్లగా తగిలింది. పళ్లేలు తీసి మైక్రోస్కోపు కింద పెట్టింది. గబగబా చూసింది. మామూలు పిల్లల గుండెలు నెమ్మదించాయి, కానీ తప్పకుండా ఆడుతున్నాయి. మైక్రో ఆర్‌ఎన్‌ఏ లేని పిల్లల గుండెలు కొట్టుకుంటున్నాయి, ఆగిపోతున్నాయి, ఏదో గుర్తొచ్చినట్టు మళ్లీ మొదలవుతున్నాయి.

పళ్లేలు మార్చి చూసింది. అదే తీరు.

ఫోన్ తీసింది. ఈ మాట ఎవరికి చెప్పాలో ఆలోచించనక్కరలేకపోయింది.

"జోస్యుడుగారూ..."

"ఏమైందండీ, గొంతు అలా ఉంది? ఏడుస్తున్నారా?"

"లేదు. నిన్నటినుంచి ఎవరితోనూ మాట్లాడలేదు, అంతే."

"వస్తున్నా."

అయిదు నిమిషాలైనా కాకుండానే తలుపు తెరుచుకుంది. అతని మీద చినుకు తడి లేదు.

"పైనే ఉన్నారా? ఆదివారం ఏం పని?"

"ఏం పనీ లేదు," అంటూ మైక్రోస్కోపు మీదికి వంగాడు. చూసి, మళ్లీ చూశాడు. "అయితే నా లెక్క..."

"తప్పలేదు. వెచ్చగా ఉన్నంతకాలం ఆ లోటు బయటపడలేదు. చలి తగలగానే తట్టుకోలేకపోయాయి."

అతను తల ఎత్తలేదు. "మొన్నటి ఆదివారమూ పైనే ఉన్నాను. కిందికి రావడానికో సాకు వెతుక్కుంటూ. దొరకలేదు. ఈలోగా నువ్వే ఫోన్ చేశావు." నాలుక కరుచుకున్నాడు. "సారీ, మీరు."

"దిద్దక్కరలేదు," అందామె. "సాకూ అక్కరలేదు. ఊరికే రా."

వాన హోరులో సరిగా వినబడిందో లేదోనని ఆమె భయపడింది. అతని చెవులు ఎర్రబడటం చూసి ధైర్యం తెచ్చుకుంది.

"ముందు వీటి సంగతి చూద్దాం. నేను పెట్టె బాగుచేస్తాను. నువ్వు ఇది పట్టుకో."

అతను గాజుపళ్లేన్ని రెండు అరచేతుల మధ్య జాగ్రత్తగా పొదువుకున్నాడు. "ఎంతసేపు పట్టుకోవాలి?"

"వెచ్చబడేదాకా."

"నీ చేతులు కూడా చల్లగా ఉన్నాయి."

ఆమె పెట్టె వదిలేసి వచ్చి, తన చేతులు అతని చేతుల చుట్టూ వేసింది. గుడ్లలో చేపపిల్లలు ఇంకా కదలడం లేదు. ఇద్దరూ వాటినే చూస్తూ నిలబడ్డారు.